చివరి అంకె

పాప పడుకుంది. మళ్లీ దగ్గు మొదలయ్యేలోపు ఇది రాసుకోవాలి.

అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతపడి నా డిగ్రీ ఏడాది వెనకబడింది. తెలంగాణ కావాలని ఊరేగింపుల్లో నేనూ గొంతు పోయేలా అరిచాను. మూడేళ్లు తిరిగేసరికి పెళ్లయింది, పాప పుట్టింది. ఆయనకు బెజవాడ రైల్వేలో ఉద్యోగం. నేను మొయినాబాద్ పక్క పల్లెలో, అత్తమ్మ దగ్గర.

ఆ ఏడే ఉత్తరాలకు పిన్‌కోడ్ వచ్చింది. మొయినాబాద్ పోస్టాఫీసు గోడకు అంటించిన కాగితాన్ని పాపను ఎత్తుకునే చదివాను. మొదటి అంకె దేశంలో ఏ మూలో చెబుతుంది. రెండోది అందులో ఏ భాగమో, మూడోది ఏ జిల్లా వైపో. చివరి మూడూ కలిపి పోస్టాఫీసు. మా వైపు యాభైతో మొదలు, బెజవాడ యాభై రెండుతో. మేము అంత అరిచినా పడని గీత టపావాళ్ల కాగితం మీద చడీచప్పుడు లేకుండా పడింది.

చేవెళ్లకు చివరి అంకె మూడు, మొయినాబాద్‌కు నాలుగు. మిగతా అయిదూ ఒకటే. మాది చేవెళ్ల తాలూకా. పొలం పహాణీలో అదే, ఆయన సర్టిఫికెట్లలో అదే, పెళ్లి కార్డు మీదా అదే. అందుకే మరో ఆలోచన లేకుండా చివర మూడు వేసి మా నంబరు ఆయనకు పంపాను. 'ఇక తాలూకా, జిల్లా రాయొద్దు. ఊరి పేరు, ఈ నంబరు చాలు' అని గొప్పగా చేర్చాను.

తరువాత ఉత్తరాలు ఆగిపోయాయి. బెజవాడ వైపు వాళ్లూ వేరే రాష్ట్రం కావాలని గొడవలు మొదలుపెట్టారని రేడియోలో విన్నాం. పాపకు కోరింత దగ్గు పట్టుకుంది.

"అన్నా, మాకేమన్న ఉన్నదా?" అని పోస్టుమ్యాన్‌ను రోజూ అడిగేదాన్ని.

"లేదు చెల్లె. ఉంటే దాసుకుంటనా?"

"రైళ్లే నడుస్తలేవంట, కారటు ఎట్లొస్తది? కొడుకు పైలంగుంటే సాలు," అనేది అత్తమ్మ.

నాకు మాత్రం భయంతోపాటు కోపం. అలిగి నేనూ రాయడం మానేశాను.

చివరికి ఒక కార్డు వచ్చింది, రెండు ముద్రలతో.

"గిది చేవెళ్లకు పోయి, ఆడ ఊర్లన్ని దేవులాడి, మల్ల మా కాడికొచ్చింది. నంబరు గలత్ పడ్డది చెల్లె. దినాం మొయినాబాద్ కెల్లి సైకిల్ తొక్కుకుంట వస్తున్న, నేను కండ్లవడలేదా నీకు? పట్వారి లెక్క వేరే, టపా లెక్క వేరే," అని నవ్వాడు పోస్టుమ్యాన్.

నిలబడే చదివాను. 'సికింద్రాబాద్‌లో ఒక ఖాళీ ఉంది. ఇప్పటిదానికన్నా కింది పోస్టు. నీకూ మీ బాపుకూ నామోషీ కాదంటే అడుగుతాను. పది రోజుల్లో చెప్పు.'

రాసి పదిహేడు రోజులైంది.

పాపను అత్తమ్మకిచ్చి మొయినాబాద్ పరుగెత్తాను. 'సరే' అని తంతి కొట్టాను.

జవాబుకు మళ్లీ ఎదురుచూపు. తంతిలో నంబరు సంగతి చెప్పనేలేదు. ఆ కార్డూ చివర మూడుతోనే చేవెళ్ల తిరిగొచ్చింది.

'నీ జవాబు రాకపోతే ఇష్టం లేదనుకున్నాను. ఆ పోస్టు ఇంకొకరికి పోయింది.'

"ఎప్పుడొస్తడట?" అంది అత్తమ్మ.

"ఇప్పుడే కాదట అత్తమ్మా," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఆ రోజే నాలుగు వేసి సరైన నంబరు పంపాను, తప్పు నాదేనని రాశాను. ఇప్పుడు ఉత్తరాలు దారి తప్పకుండా వస్తున్నాయి. పాప దగ్గు గురించి రాస్తాడు, మందు పేరు రాస్తాడు. నన్ను మాత్రం ఏదీ అడగడు.