కోట గోడ మీద మా ఇద్దరి పేర్లు

వేంపల్లె దాటాక కొండ మీదున్న ఆ పాత కోటకు ముప్పై ఏళ్ల తర్వాత పోయాను. ఒకప్పుడు రెండు రాజ్యాల సరిహద్దు కాసిన కోట అది. ఇప్పుడు రెండు బురుజులు, కూలిన ప్రహరీ, కంపచెట్లు మిగిలాయి. చరిత్ర కోసం పోలేదు నేను. అక్కడ గోడల మీది రాతలు తుడిచే శ్రమదానం ఉందని, దాన్ని మొదలుపెట్టేది మా ఊరి పెద్దమనిషేనని తెలిసి పోయాను. నలుగురిలో వాడి పరువు తీస్తే తప్ప నా కడుపుమంట చల్లారదు.

నేను పదో తరగతిలో ఉండగా వాడు నాపరాళ్ల గనిలోంచి ఉలి తెచ్చి, అక్కడి ఒక బురుజు మీద తన పేరు పక్కన నా పేరు చెక్కాడు. వాడితో నేను ఒక్క మాటైనా మాట్లాడి ఎరుగను. మేకలు కాసేవాళ్లు చూశారు, ఊరంతా పాకింది. వాడు మీసం మెలేసి తిరిగాడు. నన్ను మాత్రం బడి మాన్పించారు, పరీక్షలకు ఇంకా రెండు నెలలుండగా. టీచరమ్మ కావాలన్న ఆశ అక్కడితో సరి. ఈ రోజుకీ ఎవరైనా "ఎంతవరకు సదివినావమ్మా?" అంటే ఒళ్లు మండుతుంది.

ఆ ఉదయం వాడు తెల్లబట్టల్లో మైకు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ కాలేజీ పిల్లలు, చేతుల్లో ఇనుప బ్రష్షులు.

"ఇది మన తాతల సొత్తప్పా. దీని మీద పేర్లు గీకే నా కొడుకుల చేతులు ఇరగ్గొట్టాల!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా.

"శానా బాగా చెప్పినావన్నా," అన్నాను. "ఈడ ఒకటుండాది, వచ్చి సూడు."

బురుజు పైకి తీసుకుపోయాను, పిల్లలూ వెంట వచ్చారు. ఒకమ్మాయి పైకే చదివింది, ఇంటిపేరుతో సహా వాడి పేరు, తర్వాత నా పేరు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవురో గిట్టనోళ్లు రాసినారు. నాకేం సంబంధం?" అన్నాడు.

అందరూ తలలూపారు. వెంటనే! నాకేం సంబంధం లేదని మా నాయన కాళ్ల మీద పడి నేను ఏడిస్తే చెంప పగిలింది. వాడు ఒక్కసారి అంటే చాలు, లోకం నమ్మేసింది. వాణ్ణి అక్కణ్నుంచి కిందికి తోసేయాలనిపించింది, నిజం.

తోయలేదు. ఆ అమ్మాయి చేతిలో బ్రష్షు తీసుకుని వాడికిచ్చాను.

"అట్లయితే నువ్వే తుడుపన్నా. పిల్లోళ్లు ఫోటో తీసుకుంటారు."

ఫోన్లు పైకి లేచాయి. కాదనలేక వాడు మోకాళ్ల మీద కూర్చుని రుద్దసాగాడు. ముప్పై ఏళ్ల మట్టి రాలింది. రుద్దేకొద్దీ ఆ చెక్కిన అక్షరాలు తేటగా కనిపించాయి, ఇద్దరివీ.

"ఇంకా పోలేదన్నా," అన్నాను. "గట్టిగా రుద్దు."