గుండెలో లేని బెలూన్

మా వీధి మలుపులో పంక్చర్లు వేసే ఆయన్ని చిన్నా పెద్దా అందరూ బావా అనే పిలుస్తారు. మాటల మనిషి కాదు. పనిలో మాత్రం చాదస్తుడు. అతుకు వేసిన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ రావడం లేదని చూశాక కూడా ఇంకోసారి ముంచుతాడు. "నా చేతిని నేను నమ్మను, నీళ్ళని నమ్ముతా" అంటాడు.

ఆయన కూతురు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే చోట వాల్వ్ రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి దారి ఇరుకైందని డాక్టరమ్మ చెప్పింది. ఛాతీ కోయక్కర్లేదు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని కొసనున్న బెలూన్‌ని అక్కడ ఉబ్బిస్తే రెక్కలు విడిపోతాయంది. బావ ఆ బెలూన్ దగ్గరే ఆగిపోయాడు. ఆ తర్వాత ఆవిడ చెప్పిందేదీ చెవికెక్కలేదు.

అంతా సవ్యంగా జరిగింది. కొన్నాళ్ళాగి పిల్లని ఆడుకోనివ్వమన్నారు. బావ గడప దాటనివ్వలేదు. లోపల ట్యూబు ఉంటేనే కదా టైరు నిలబడేది? ఎండ తగిలితే లోపలున్న బెలూన్ పేలదా? ఆయన భయం ఆయనది.

"పిల్లని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు, ఓ పనైపోతుంది" అంది భార్య, కుట్టుమిషన్ ఆపకుండానే.

"నీకేం తెలుసు, గుడ్డల మనిషివి."

"నువ్వు రబ్బరు మనిషివి. అందుకేగా ఈ గోల."

మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తెర మీద గుండెని చూసి, రక్తం బాగా వెళ్తోందంది. "పరిగెడుతున్నావా తల్లీ?" అని పిల్లనడిగింది.

"లేదండీ. ఎండలోకెళ్తే బెలూన్ పేలుద్దంట. నాన్న చెప్పాడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, సొరుగులోంచి అలాంటి గొట్టమే తీసింది. సిరంజితో నీళ్ళు ఎక్కిస్తే కొసన బెలూన్ వేలంత ఉబ్బింది. వెనక్కి లాగితే ముడుచుకుపోయింది.

"రెక్కలు విడగానే ఇలా తీసేశామండీ. పాప గుండెలో ఏమీ లేదు."

బావ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. "మరి ఆసరా లేకుండా తెరుచుకుంటుందా అమ్మా?"

"వాల్వ్ పని వాల్వే చేసుకుంటుంది. అంటుకున్నచోట విడదీశామంతే. మళ్ళీ ఇరుకవుతుందేమో అని అప్పుడప్పుడు చూస్తాం. ఆడుకోనివ్వండి."

బయటికొచ్చాక పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చెయ్యి వదిలాడు. పిల్ల ఆసుపత్రి గోడ చివరిదాకా పరిగెత్తి, తిరిగొచ్చింది. బావ కింద కూర్చుని దాని ఛాతీ మీద అరచెయ్యి ఆనించాడు. గుండె గబగబా కొట్టుకుంటోంది. నెమ్మదించేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఇంకోసారి వెళ్ళి రానా నాన్నా?"

"చెప్పులేసుకుని వెళ్ళు. నేల కాలుతోంది."