సుబ్బయ్య మామకు వినపడని చప్పుడు

గిద్దలూరు సుబ్బయ్య మామ గురించి అందరూ ఏదో ఒకటి చెబుతారు. తిరునాళ్లలో ఆయన కట్టిన మైకుల గురించి, ఆయన గొంతు గురించి. ఆయన మైకుసెట్ల దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేసిన నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. ఈ ఉదయం మార్కాపురంలో, మా ఇంట్లో, నేను కొత్తగా చేసుకున్న యాంప్లిఫయర్‌కు స్విచ్ వేసి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. పాట ఇంకా పెట్టలేదు. చెవుల్లో దూది కుక్కినంత నిశ్శబ్దం. అది వింటే నాకు మామ గుర్తుకొస్తాడు. ఆయన మీద కోపమూ గుర్తుకొస్తుంది.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఏ సెట్టునైనా బయటికి పంపేముందు పాట లేకుండా ఆన్ చేసి, స్పీకరు దగ్గర చెవి పెట్టేవాడు. "పాట ఎవడైనా వింటాడురా. పాట లేనప్పుడు ఏం వినపడతాదో అది చూడాల," అనేవాడు. సన్నగా జుమ్మన్నా ఆ సెట్టు గడప దాటేది కాదు.

నేను మొదట చేసిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ రెండు బ్యాటరీల మీద నడిచేది. ఎంతో ఆశగా చూపించాను. మామ చెవికి కూడా పెట్టుకోలేదు. సెట్టు బాడుగకు వచ్చినవాళ్ల ముందే, "బ్యాటరీ మీద ఏదైనా శుభ్రంగానే పాడతాది. కరెంటు మీద పాడించు, అప్పుడు పిలువు నన్ను," అన్నాడు. వాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

పంతం పట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ కొని, కరెంటును తగ్గించి బ్యాటరీ కరెంటులా మార్చే సరంజామా అంతా యాంప్లిఫయర్ ఉన్న రేకు డబ్బాలోనే బిగించాను. స్విచ్ వేస్తే చెవుల్లో తేనెటీగలు. పెద్ద కెపాసిటర్లు వేసినా ఆ రొద పోలేదు. మామ అటుగా పోతూ, "ఏందిరా, ఇంకా ఈగలు తోలుతున్నావా?" అనేవాడు.

చివరికి రాచర్లలో ఒక పెళ్లికి మైకు కడుతుండగా తెలిసింది. "కరెంటు తీగ పక్కన మైకు తీగను పండబెట్టొద్దురా! అట్ల దూరంగా లాగు!" అని మామ అరిచాడు. రోజూ వినే మాటే. పందిట్లో రోజూ పాటించే మాటే. డబ్బాలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌నూ పాట నడిచే తీగలనూ పక్కపక్కనే ఇరికించాను! తిరిగి రాగానే ట్రాన్స్‌ఫార్మర్‌కు వేరే డబ్బా చేసి, మూరెడు దూరంలో పెట్టి, మధ్యలో తీగ లాగాను.

మామను పిలిచాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాల్యూం మొత్తం తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి విసుక్కున్నాడు.

"స్విచ్ వేయకుండానే పిలిచినావేందిరా?"

"వేసే ఉంది మామా."

నమ్మలేదు. హెడ్‌ఫోన్ తీసేసి, తీగ వెంబడి గోడదాకా పోయి ప్లగ్గు చూశాడు. మళ్లీ వచ్చి పెట్టుకున్నాడు. నేను వాల్యూం తగ్గించి ఫోనులో పాట పెట్టాను. మామ ఉలిక్కిపడ్డాడు. పాట అయ్యేదాకా నిలబడే విన్నాడు. అంతటి గెలుపు నాకు మళ్లీ దొరకలేదు. కానీ నోరు తెరిచి ఏమన్నాడు? "సరేలే, పోయి టీ చెప్పు."

ఆ డబ్బాను మాత్రం తన బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి మైకునూ దానితోనే విని పంపాడు. "మావోడు కరెంటు నోరు మూయించినాడు," అని దర్శి దాకా చెప్పుకున్నాడట. నాకు తప్ప అందరికీ చెప్పాడు. ఇప్పుడు నాకూ సొంత దుకాణం ఉంది. నా దగ్గర ఎవరైనా పని బాగా చేస్తే వాళ్ల ముఖం మీదే చెబుతాను. అదీ ఆయన వల్ల నేర్చుకున్నదే.

మామ ఇప్పుడు కురిచేడులో కూతురి దగ్గర ఉన్నాడు. చెవులు ఇంకా చురుకేనట. ఆదివారం వస్తున్నాను మామా. మాట దాటేయకుండా, నా ముఖం చూసి చెప్పు. నేను చేసింది ఎట్ల ఉంది?