రొట్టె వాసన వచ్చిన సందు

1996 చలికాలం. దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో నేను టూరిస్ట్ గైడ్‌గా చేరి ఏడాది కావస్తోంది. మా ఆయనకు అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా ఉద్యోగం రావడంతో కాకినాడ నుంచి వచ్చాం. కాలేజీలో చరిత్ర చెప్పిన అనుభవం ఉంది కదా అని ఒక చిన్న టూర్ కంపెనీ నన్ను తీసుకుంది. వర్ణవివక్ష పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి రెండేళ్ళయింది. అంతకుముందు ఈ దేశం వైపు చూడని విదేశీయులు రావడం మొదలుపెట్టారు. ఈ దేశంలోనే పుట్టి, ఈ వీధుల్లో కాసేపు ఆగి నిలబడే వీల్లేకుండా బతికినవాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

మా కంపెనీలో అందరికీ ఒకటే సర్క్యూట్. అంటే రోజూ తిప్పే దారి. ఎర్ర ఇటుకల సిటీ హాల్, పాత రైల్వే స్టేషన్, బోయర్లు, అంటే పాతకాలపు డచ్చి వలసదారులు, కట్టిన చర్చి, చివర్లో బొటానికల్ గార్డెన్. ప్రతిచోటా చెప్పాల్సిన మాటల్ని కామెంటరీ అంటారు. నేను దాన్ని నిద్రలో కూడా చెప్పగలిగేంతగా బట్టీ పట్టాను. కాంబీ, అంటే మా చిన్న వ్యాను, నడిపేది డేనియల్ అన్న. యాభై దాటిన మనిషి. ఆయన ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చాడట. వాళ్ళది భారతీయులుండే పేట నార్త్‌డేల్‌లో బాప్టిస్టు కుటుంబం. ఇంట్లో అంతా ఇంగ్లీషే, తెలుగు ముక్కలు ముక్కలుగా మిగిలింది. నేను నవ్వనని నమ్మకం కుదిరాక ఆ ముక్కల్ని నా దగ్గర వాడేవాడు.

ఆ రోజు హోటల్ నుంచి ఎక్కించుకోవలసింది ఇద్దర్ని. తాండీ అనే ఆవిడ జొహానెస్‌బర్గ్‌లో బ్యాంకు ఉద్యోగి. తల్లి డ్లామిని గారు రిటైరైన టీచరు, డెబ్భై ఏళ్ళుంటాయి. మంచి ఉన్ని కోటు, టోపీ. వ్యాను తలుపు ఒకవైపు ఉంటే ఆవిడ చెయ్యి ఇంకోవైపు వెతికింది. అప్పుడు చూశాను చేతిలోని తెల్ల కర్రను. బుకింగ్ చేసినప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిటీ హాల్ ముందు దిగి, అలవాటుకొద్దీ “ఒకసారి పైకి చూడండి” అని మొదలుపెట్టి నాలిక కరుచుకున్నాను.

“ఫరవాలేదమ్మా, చెప్పు. వింటాను,” అన్నారు డ్లామిని గారు.

చెప్పాను. ఇటుకలన్నాను, గోపురమన్నాను, రంగుటద్దాలన్నాను. నేను చెప్పే ప్రతి మాటా కళ్ళున్నవాళ్ళ కోసం రాసిందేనని మొదటిసారి నా చెవికే తెలిసింది. తాండీ తల్లిని మెట్ల మీద, స్తంభం పక్కన, తలుపు దగ్గర నిలబెట్టి ఫొటోలు తీసింది. స్టేషన్లోనూ అంతే. డ్లామిని గారు కూతురు చెప్పినచోటల్లా నిలబడ్డారు, చెప్పినప్పుడల్లా నవ్వారు. చర్చి దగ్గరికి వచ్చేసరికి వ్యాను దిగలేదు.

“అమ్మా, నువ్వు ఈ ఊళ్ళోనే ఉంటావా?” అని నన్ను అడిగారు.

“అవునండీ.”

“ఇక్కడొక సన్నటి సందు ఉండేది. నేను మిషన్ స్కూల్లో చదివే రోజుల్లో శనివారాలు మమ్మల్ని సామాన్ల కోసం ఊళ్ళోకి పంపేవారు. బెంచీలు మావి కావు. కాఫీ కొట్లు మావి కావు. నేనూ నా స్నేహితురాలూ ఆ సందులో దూరేవాళ్ళం. మండు వేసవిలో కూడా చల్లగా ఉండేది. మా అడుగుల చప్పుడు మాకే తిరిగి వినబడేది. ఎక్కణ్ణుంచో రొట్టె కాల్చే వాసన వచ్చేది. ఒక మెట్టు మీద కూర్చుని, ఎవరో వచ్చి లేపేదాకా తినేవాళ్ళం. దాని పేరు నాకు తెలీదు. అక్కడికి తీసుకెళ్ళగలవా?”

తాండీ చురుగ్గా తల్లి వైపు తిరిగింది. తల్లిని ఆమె ‘మా’ అని పిలుస్తుంది. “సందు కోసమా మా, ఇంత దూరం వచ్చాం? నిన్ను గడప తొక్కనివ్వని ప్రతి భవనంలోకీ తీసుకెళ్ళాలని కదా నేను సెలవు పెట్టుకుని వచ్చింది!”

“తీసుకెళ్ళావు, తల్లీ. నా మనసు నిండింది. అది నీకు కావలసిన చోటు. ఇప్పుడు నాకు కావలసిన చోటికి పద.”

తాండీ కిటికీ వైపు తిరిగిపోయింది. సర్క్యూట్ తప్పితే ఆఫీసులో సంజాయిషీ చెప్పుకోవాలి. నేను డేనియల్ అన్న వైపు చూశాను.

“లేన్స్ చానా వుంది, చెల్లీ,” అన్నాడు. “కోర్టు యెనక మొత్తం లేన్సే. రా, చూద్దుము.”

పాత వకీళ్ళ ఆఫీసుల మధ్య ఆ సందులు అల్లుకుపోయి ఉంటాయి. కాఫీకి అడ్డదారిగా తప్ప నేను వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు. మొదటి సందులో డ్లామిని గారు నాలుగడుగులు వేసి తల అడ్డంగా ఊపారు. “ఇది వెడల్పు. గాలి తిరుగుతోంది.” రెండోదానికి పైన అద్దాల కప్పు ఉంది. కర్రతో నేల మీద కొట్టి, “కాదు, చప్పుడు పైకి పోవడం లేదు,” అన్నారు. తాండీ గడియారం చూసుకుంటోంది. మూడోదాని మొదట్లో బట్టల కొట్లోంచి పాటలు మోగుతున్నాయి, ఏమీ వినబడలేదు. డ్లామిని గారి గొంతులో అలసట తెలిసింది. “కూల్చేశారేమో. యాభై ఏళ్ళ పైమాట కదా.”

వెనకే నడుస్తున్న డేనియల్ అన్న హఠాత్తుగా ఆగాడు. “గోగో,” అన్నాడు. జులూలో అవ్వ అని అర్థం. ఆవిడతో జులూలో ఏదో అడిగి, నాతో అన్నాడు: “రొట్టె దుకాణం పాతది వుండె, చెల్లీ. మా అవ్వ పోయేది. యిప్పుడు లేదు, అది షూస్ షాపు. లేన్ మాత్రం పోలేదు.”

చెప్పుల కొట్టు పక్కనుంచి తిరిగితే ఇద్దరు పక్కపక్కన నడవడానికి మాత్రమే చోటున్న సందు. ఇత్తడి బోర్డులు, పైన ఇనప బాల్కనీలు. డ్లామిని గారు కూతురి చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నారు. కర్రతో ఒక్కసారి నేలను తట్టారు. ఆ చప్పుడు సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. గోడను వేళ్ళతో రాసుకుంటూ నడిచి, ఒక ఆకుపచ్చ తలుపు దగ్గర కాలితో తడిమి ఆగారు.

“ఇదే.”

“మా, దుమ్ము. కోటు పాడవుతుంది,” అంది తాండీ. అప్పటికే ఆవిడ కూర్చున్నారు.

ఎంతోసేపు కాలేదు, లోపల గడియ తీసిన చప్పుడైంది. డ్లామిని గారు చటుక్కున లేచి నిలబడ్డారు. కర్ర జారి పడిపోయింది. “వెళ్ళిపోతున్నాం మేడమ్, వెళ్ళిపోతున్నాం,” అన్నారు. అది డెబ్భై ఏళ్ళ టీచరు గొంతు కాదు.

“ఎందుకు లేస్తున్నావు మా!” తాండీ దాదాపు అరిచింది. “ఇప్పుడు నిన్నెవరు లేపుతారు?”

తలుపు దగ్గర ఒక తెల్లావిడ, ఆఫీసు గుమస్తా కాబోలు, చేతిలో కాగితాలతో తెల్లబోయి నిలబడింది. జరిగిన సంగతి నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె కాగితాలు చంకలో పెట్టుకుంది. వంగి కర్ర తీసి డ్లామిని గారి చేతికి అందించింది.

“కుర్చీ తెస్తానుండండి.”

“వద్దండీ. నాకు మెట్టే కావాలి.”

“పోనీ, టీ తాగుతారా?”

డ్లామిని గారు ఒక్క క్షణం ఆలోచించారు. “రెండు చెంచాల చక్కెర,” అన్నారు. తిరిగి కూర్చున్నారు.

టీ ఇచ్చి ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

తాండీ ఇంకా నిలబడే ఉంది. కెమెరా మెడలో వేలాడుతోంది, దాని మీద చెయ్యి వెయ్యలేదు. కాసేపటికి తన మంచి స్కర్టుతోనే ఆ దుమ్ములో తల్లి పక్కన చతికిలబడింది.

“ఆ అమ్మాయి పేరేమిటి మా? నీతో పాటు కూర్చునేదే, ఆ అమ్మాయి.”

డ్లామిని గారు జులూలో చెప్పడం మొదలుపెట్టారు. నాకు అర్థం కాదు. అర్థమయ్యే డేనియల్ అన్న తనంతట తానే సందు చివరికి వెళ్ళి మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మధ్యలో ఇద్దరూ నవ్వారు. ఒకసారి తాండీ కళ్ళు తుడుచుకుంది. టీ చల్లారిపోయింది. బొటానికల్ గార్డెన్ ఆ రోజు మేము చూడలేదు. హోటల్ దగ్గర దిగేటప్పుడు తాండీ నా చెయ్యి పట్టుకుంది. “మా అమ్మకు అంత అల్లరి తెలుసని నాకెవరూ చెప్పలేదు,” అని మాత్రం అంది.

తిరిగి వస్తుంటే నేను డేనియల్ అన్నను అడిగాను. “అన్నా, చిన్నప్పుడు ఊళ్ళోకి వస్తే మీరెక్కడ కూర్చునేవారు?”

ఏడాదిగా పక్క సీట్లో తిరుగుతున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఆయన ఇంకో రెండు వీధులు అలాగే నడిపాడు. తర్వాత వ్యానును మార్కెట్ వెనక్కి తిప్పి, ఒక పొట్టి రాతి గోడ దగ్గర ఆపాడు.

“మా అవ్వ యీడ గంప దించు. కొత్తిమీర, మిరపకాయ. నాకు కూడు పెట్టు. పోలీసు వస్తే గంప ఎత్తి పరిగెత్తు,” అన్నాడు. అదంతా తెలుగులోనే చెప్పాడు. అన్ని తెలుగు మాటలు వరసగా ఆయన నోట అంతకుముందు నేను వినలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పని చేశాను. పేరున్న ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు, అందరూ చూసేవి కాక ఇంకేం చూడాలని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. పెద్ద భవనం దగ్గర ఫొటో తీసుకోండి, తప్పులేదంటాను. ఆ తర్వాత ఆ ఊరి పెద్దవాళ్ళెవర్నైనా పట్టుకుని, చిన్నప్పుడు మధ్యాహ్నం పూట ఎక్కడ కూర్చుని తినేవారో అడగమంటాను. వాళ్ళు వెంటనే చెప్పరు. తొందరపెట్టకూడదు.