బదులు టీచరుకు బదులెవరు?

జెమలిన్ సుమగైసాయ్‌కి ఒక దురలవాటుంది. కొత్త బడిలో అడుగుపెట్టిన రోజున, పిల్లల హాజరైనా పిలవకముందే టేబుల్ సొరుగు లాగి చూస్తుంది. దొంగబుద్ధి కాదు. సెలవు మీద వెళ్లిన టీచరు ఎలాంటి మనిషో తెలుసుకోవాలన్న ఆరాటం, అంతే. తొమ్మిదేళ్లలో పన్నెండు బడులు, పన్నెండు సొరుగులు. వాటి యజమానుల్లో సగం మందిని ఆమె ఇప్పటికీ కళ్లతో చూడలేదు. అయినా ఒకామె దగ్గుబిళ్లలు తిని కాగితాలు మళ్లీ డబ్బాలోనే పెడుతుందనీ, ఇంకొకాయన గ్రామర్ పుస్తకం అట్ట వెనక కోడిపందేల తేదీలు రాసుకుంటాడనీ ఎవరైనా అడిగితే చెప్పగలదు. ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

ఆమెది బదులు టీచరు పని. పర్మనెంటు టీచరు పురిటికి వెళ్లినా, కాలు విరగ్గొట్టుకున్నా ఆ తరగతిలో ఈమెను నిలబెడతారు. వాళ్లు తిరిగొచ్చిన పూట ఈమె దిగిపోతుంది. ఆంటికే సీమలో కొండల మీది బడి నుంచి సముద్రపు ఒడ్డు బడి దాకా అన్నిచోట్లా అదే తీరు. పాఠం మాత్రం అందరితో సమానంగా చెప్పాలి, జెండా వందనానికి అందరికంటే ముందు రావాలి. సెలవు మాటెత్తకూడదు. జ్వరమొచ్చి రాకపోతే ఆ రోజు జీతం పోవడం ఒక్కటే కాదు, ఆ రోజు సర్వీసులోంచే ఎగిరిపోతుంది. తరగతి గోడల మీది బొమ్మలూ చార్టులూ పర్మనెంటు టీచర్లు సొంత ఖర్చుతో అంటించుకున్నవి కాబట్టి వాటి మీద చెయ్యి వెయ్యకూడదు. అందుకని జెమలిన్ సంచిలో ఎప్పుడూ ఒక నైలాన్ తాడు, పాతిక బట్టల క్లిప్పులు ఉంటాయి. కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి, అక్షరాలను ఉతికిన బట్టల్లా ఆరేసి పాఠం చెబుతుంది. సాయంత్రం మడతపెట్టి ఇంటికి తీసుకుపోతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, పర్మనెంటు ఉద్యోగాల జాబితాలో పేరు ఎక్కాలంటే అయిదేళ్ల అనుభవం నిండాలి. నాలుగు నెలలొకచోట, ఆరు నెలలొకచోట చేసిన ముక్కలన్నీ అతుక్కుని అయిదేళ్లు కావాలి. ఈసారి దొరికింది ఒకటో తరగతి, నూటఅయిదు రోజుల ప్రసూతి సెలవు. చివరి దాకా నిలబడితే అయిదేళ్లు నిండి పైన ఒక్క రోజు మిగులుతుంది. ఫిబ్రవరి ఆఖరున జాబితా మూసేస్తారు. ఆమెకు ముప్పైఆరు నిండాయి. ఇంకో ఏడాది బస్టాండుల్లో పడి తిరిగే ఓపిక తనకు లేదని ఆమెకే తెలుసు.

ఈ పదమూడో సొరుగు ఫ్లోర్‌దెలిజా పనిసా అనే టీచరుది. అందులో కొబ్బరినూనె సీసా, ఒంటి చెప్పు, ముప్పైఆరు చీటీలు ఉన్నాయి. ఒక్కో పిల్లకీ పిల్లాడికీ ఒక్కో చీటీ. "రొనాలిన్‌ను గట్టిగా పిలవకండి, ఇంట్లో అరుపులెక్కువ." "జెఫ్రిల్ ఎడమ చేత్తో రాస్తాడు, రాయనివ్వండి." "మర్విక్ ఉదయం ఏమీ తినకుండా వస్తాడు, అరటిపండు కింది సొరుగులో పెట్టి ఉంచండి." జెమలిన్ చీటీలన్నీ చదివింది. బదులు వచ్చేవాళ్ల కోసం ఒక మనిషి ఏదైనా రాసిపెట్టి వెళ్లడం ఆమె ఇదివరకు చూడలేదు. ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఇద్దరి మధ్యా ఫోనులో నాలుగైదు మెసేజీలు నడిచాయి, అంతకుమించి ఏమీ లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఎనిమిదేళ్ల కాపురంలో లేనిది, అప్పటికి జెమలిన్ కడుపుతో ఉంది. నవంబరులో బడికి వచ్చేటప్పటికే ఆరో నెల. పురుడు ఫిబ్రవరి మూడో వారంలో రావచ్చని మంత్రసాని చెప్పింది. ఫ్లోర్‌దెలిజా సెలవు ఫిబ్రవరి పదహారున ముగుస్తుంది. రెంటికీ మధ్య ఉన్న సందు నాలుగైదు రోజులు.

ఆ సందులోంచే జెమలిన్‌కు ఒక ప్రశ్న పుట్టింది. పుట్టాక ఊరుకోలేదు. కాళ్ల వాపు చూపించుకోవడానికి జిల్లా ఊరికి వెళ్లిన రోజున, మిగులుగా ఉన్న ఆ ఒక్క రోజునూ ఖర్చుచేసి, విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తా ముందు నిలబడింది.

"సార్, ఒకటి అడగొచ్చా? పర్మనెంటు టీచరు పురిటికి వెళ్తే బదులు టీచరు వస్తుంది. మరి ఆ బదులు టీచరే పురిటికి వెళ్తే?"

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "వెళ్తే అంటే?"

"ఆమె బదులు ఎవరొస్తారని."

ఆయన ఒక ఫైలు తిరగేశాడు, ఇంకొకటి తిరగేశాడు, పక్క టేబులావిడను అడిగాడు. ఆవిడ నవ్వి, "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా," అంది.

"నేను అడుగుతున్నాను కదండీ."

"ఫారంలో ఆ గడి లేదు," అన్నాడు గుమాస్తా, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు. అప్పుడు ఆయన చూపు ఆమె పొట్ట మీద పడింది. "మీకెన్నో నెల?"

"ఊరికే తెలుసుకుందామనండీ," అని జెమలిన్ సంచి అడ్డం పెట్టుకుని బయటపడింది.

హెడ్మాస్టరు డుమారావోగ్ మంచివాడే, కానీ కాగితానికి భయపడే మంచివాడు. ఆమె కష్టం చెప్పబోతే రెండు చేతులూ ఎత్తేశాడు. "మేడమ్, మీరు నాకు చెప్పలేదు, నేను వినలేదు. వింటే రాయాలి. రాస్తే మీ ఆరోగ్యం బాగోలేదని మిమ్మల్ని తప్పించాలి. పదహారో తారీకు దాకా నా కళ్లు సరిగ్గా కనపడవు, సరేనా?"

జనవరి గడిచింది. ఒకటో తరగతి పిల్లలు చాలా మటుకు అక్షరాలు దాటి మాటల్లోకి వచ్చారు. జెమలిన్ పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. భర్త ఎల్మర్ రోజూ పొద్దున్నే మోటారుసైకిలు మీద కొండ ఎక్కించి దింపేవాడు. ప్రతి గుంత దగ్గరా, "మానేయవే తల్లీ, నీకు దండం పెడతా," అనేవాడు. "నువ్వు బండి చూసి నడుపు, దండాలు తర్వాత," అనేది ఆమె. ఒక పిల్ల తల్లి సంతలో ఫ్లోర్‌దెలిజాకు ఎదురుపడి, "మీ బదులు వచ్చినామె నిండు పొట్టతో బోర్డు పట్టుకుని నిలబడుతోంది మేడమ్, చూడలేకపోతున్నాం," అని చెప్పిన సంగతి మాత్రం జెమలిన్‌కు తెలియదు.

ఫిబ్రవరి రెండు, సోమవారం. ఇంకా పదకొండు పనిరోజులు. జెమలిన్ బండి దిగేసరికి గేటు దగ్గర కూర్చునే ముసలి కాపలాదారు, అందరూ మనోంగ్ (పెద్దన్న) అని పిలిచే క్రిస్పిన్, లేచి ఎదురొచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మీ కష్టాలు తీరిపోయాయి మేడమ్! మీరింక ఇంటికెళ్లి కాళ్లు చాపుకోవచ్చు!"

"ఏమైంది మనోంగ్?"

ఆయన హాజరు పుస్తకం ఆమె వైపు తిప్పాడు. మొదటి వరసలో, గుండ్రటి అక్షరాల్లో, నీలం సిరాతో ఉంది. ఫ్లోర్‌దెలిజా పనిసా, ఒకటో తరగతి, ఆరు నలభై.

ఆ అక్షరాలను జెమలిన్ ఎక్కడైనా గుర్తుపడుతుంది. ముప్పైఆరు చీటీల మీద చూసినవే. పర్మనెంటు టీచరు సంతకం పెట్టిందంటే సెలవు ముగిసినట్టు. సెలవు ముగిసిందంటే బదులు టీచరు నియామకం ఆ క్షణానే రద్దయినట్టు. పదకొండు రోజులు తక్కువ. ఒక్క రోజు తక్కువైనా తక్కువేనని కార్యాలయంలో ఎప్పుడో చెప్పారు. ఆమె గేటు ఊచ పట్టుకుంది.

తరగతి గుమ్మంలో, నెలల బిడ్డను చంకనేసుకుని, నీలం యూనిఫాంలో ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది. చుట్టూ పిల్లలు. ముఖం జెమలిన్ ఊహించినట్టు లేదు. ఇంకా చిన్నగా, అలసటగా, బుగ్గ మీద పుట్టుమచ్చతో ఉంది. జెమలిన్‌ను చూడగానే పరుగున వచ్చి ఒంటిచేత్తో కావలించుకుంది.

"అయ్యో అమ్మాయ్, ఇంత నిండు పొట్టేసుకుని ఎలా నిలబడ్డావే! నాకొక్క మాట చెప్పకూడదా? నిన్న సాయంత్రం తెలిసింది, రాత్రంతా నిద్ర లేదు. పో, పో, ఇంటికెళ్లి పడుకో. మిగతా సెలవు నాకక్కర్లేదు."

ఇంత ప్రేమగా తన కొంప కూల్చిన మనిషిని జెమలిన్ ఇంతకుముందు చూడలేదు. కోపం వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ వచ్చింది. గిరుక్కున తిరిగి హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

డుమారావోగ్ అప్పటికే తల పట్టుకుని కూర్చున్నాడు. "చూశాను మేడమ్. డ్యూటీకి వచ్చిన టీచర్ని పొమ్మనే అధికారం నాకు లేదు."

"ఇంకేమీ దారి లేదా సార్?"

"జెండా వందనం అయ్యాక నేను పుస్తకంలో ఎర్రగీత గీస్తాను. గీశాక దేవుడు దిగొచ్చినా మార్చలేడు. గీతకు ముందైతే, రాసినావిడ తన చేత్తో తను కొట్టేసి, పొరపాటున రాశానని పక్కన రాస్తే చెల్లుతుంది. నేను అడగలేను. నేను అడిగితే అది ఒత్తిడి. మీరడగండి."

"నేనా? ఆవిడ క్లాసులోకి వెళ్లి ఆవిడనే బయటికి పొమ్మననా?"

"ఏడు అయిదు అయింది మేడమ్," అన్నాడాయన, గడియారం చూడకుండానే.

తొమ్మిదేళ్లుగా జెమలిన్ నేర్చుకున్న విద్య ఒక్కటే. అసలు టీచరు వచ్చాక సంచి సర్దుకుని, అందరికీ నవ్వుతూ చెయ్యి ఊపి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోవడం. అందులో ఆమెను మించినవాళ్లు లేరు. ఇప్పుడు కూడా కాళ్లు వాటంతటవే గేటు వైపు తిరిగాయి. పిల్లలు జెండా దగ్గర వరసలు కడుతున్నారు. ఫ్లోర్‌దెలిజా బిడ్డను జోకొడుతూ వాళ్ల ముందు నిలబడింది. జెమలిన్ ఆగింది. తిరిగి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"మేడమ్, మీరు ఇంటికెళ్లండి."

"ఏంటీ?"

"ఈ క్లాసు పదహారో తారీకు దాకా నాది. మీరు సంతకం పెట్టారు, నా ఉద్యోగం పోయింది. పదకొండు రోజులు పూర్తయితే నాకు అయిదేళ్లు నిండుతాయి, జాబితాలో పేరొస్తుంది. నాకు విశ్రాంతి వద్దు మేడమ్. ఆ పదకొండు రోజులూ ఇవ్వండి చాలు." ఆమె అక్కడితో ఆగలేదు. "మీ మంచితనం నాకు తెలుసు. మీ చీటీలన్నీ చదివాను. అయినా వెళ్లిపోండి."

ముందు ఫ్లోర్‌దెలిజా ముఖం ఎర్రబడింది. పర్మనెంటు టీచరుతో బదులు టీచరు అలా మాట్లాడటం ఆ కొండ మీద ఎవరూ విని ఉండరు. తరువాత ఆమెకు అర్థమైంది. అర్థమవుతూనే బిడ్డను జెమలిన్ చేతుల్లో పెట్టేసి గేటు వైపు పరుగెత్తింది. అటు జాతీయగీతం మొదలైంది. అందరూ గుండె మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఆమె ఒక్కతే పరుగెత్తుతోంది. మనోంగ్ క్రిస్పిన్ కూడా అటెన్షన్‌లో నిలబడే కళ్లతోనే పుస్తకం చూపించాడు. పాట అయిపోయి డుమారావోగ్ ఎర్ర కలం తీసుకుని వచ్చేసరికి మొదటి వరస మీద కొట్టివేత, పక్కన "పొరపాటున రాశాను," కింద సంతకం ఉన్నాయి. ఆయన చదివాడు, ఊపిరి వదిలాడు, జెమలిన్‌ను పిలిచి కలం చేతికిచ్చాడు. ఆమె సంతకం పెట్టిన తరువాతే ఆ కింద గీత గీశాడు.

"నేనెంత తెలివితక్కువదాన్ని!" అంది ఫ్లోర్‌దెలిజా, కళ్లు తుడుచుకుంటూ. "పదిహేనేళ్లుగా ఈ బళ్లో ఉన్నాను. నా బదులు వచ్చినవాళ్లకి ఏముంటుందో, ఏముండదో ఒక్కసారీ అడగలేదు. సర్లే, నువ్వు ఈ పదకొండు రోజులూ నిలబడలేవు, అది కూడా చూస్తూనే ఉన్నాను."

"నిలబడతాను మేడమ్."

"కూర్చుంటావు," అంది ఆమె. బిడ్డను తిరిగి చంకకెత్తుకుని కాపలాదారు వైపు తిరిగింది. "మనోంగ్, బయటివాళ్లు సంతకం పెట్టే పుస్తకం ఇటివ్వు."

"మీరు బయటివాళ్లేంటి మేడమ్?"

"సెలవులో ఉన్నాను కదా. ఇవ్వు."

ఆ పదకొండు రోజులూ ఒకటో తరగతిలో కుర్చీ మీద కూర్చుని పాఠం చెప్పింది జెమలిన్. బోర్డు మీద రాసింది, తాడు మీద చార్టులు తగిలించింది, మరుగుదొడ్డికి పిల్లల్ని తీసుకెళ్లింది, కిందపడిన సుద్దముక్కలు ఏరింది మాత్రం చంకలో బిడ్డతో ఉన్న ఒక సందర్శకురాలు. నియమం ప్రకారం తప్పేమీ లేదు, అలా చెయ్యకూడదని ఎక్కడా రాసి లేదు గనక. డుమారావోగ్ కళ్లు పదహారో తారీకు దాకా నిజంగానే కనపడలేదు. పందొమ్మిదో తారీకున జెమలిన్‌కు ఆడపిల్ల పుట్టింది. జాబితా ఆ నెలాఖరున మూశారు, అందులో ఆమె పేరు ఉంది.

అంతకుముందు, బడిలో ఆఖరి రోజు సాయంత్రం, ఎల్మర్ బండి కోసం ఎదురుచూస్తూ, జెమలిన్ పాత అలవాటు కొద్దీ గేటు దగ్గరి సందర్శకుల పుస్తకం తెరిచి చూసింది. పదకొండు రోజులు, పదకొండు వరసలు, అవే గుండ్రటి అక్షరాలు. 'వచ్చిన పని' అన్న గడిలో ఏమీ రాసి లేదు. 'ఎవరిని కలవాలి' అన్న గడిలో మాత్రం ప్రతి రోజూ, ఒక్క రోజూ కుదించకుండా, పూర్తిగా రాసి ఉంది: జెమలిన్ సుమగైసాయ్, ఒకటో తరగతి టీచరు.