గతం టీవీ రద్దు చేసిన బండి

వరహాలబాబు గొంతు తెలియనివాడు సికింద్రాబాదులో లేడు, మొహం తెలిసినవాడు ఆయన ఉండే మెట్టుగూడ దాటితే లేడు. స్టేషన్లో ఓ మూలగదిలో మైకు ముందు కూచుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చెప్పడమే ఆయన ఉద్యోగం. కుర్రతనంలో బొబ్బిలి నుంచి వచ్చి ఆ గదిలోనే తల నెరిపించుకున్నాడు. ఎంత చక్కటి గొంతనీ! బండి ఆలస్యమని ఆయన చెబితే తిట్టబుద్ధి పుట్టేది కాదు, పోనీలే పాపం అనిపించేది.

అలాంటి మనిషి ఇంటికొస్తే మాత్రం బెల్లం కొట్టిన రాయి. కూర బాగుందా అంటే తలూపుతాడు. బాగాలేదా అన్నా అదే తల, అదే ఊపు. భార్య కనకలక్ష్మికి మొగుడి మాట వినాలనిపిస్తే ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని స్టేషనుకు పోయేది. బెంచీ మీద కూచుని, నాలుగు బళ్ళు వచ్చేదాకా విని, ఇంటికొచ్చి వంట చేసుకునేది. నవ్వకండి, నిజంగానే పోయేది. రిటైరయ్యాక మాట్లాడతాడులే అని ఆవిడ ఆశ. రిటైరయ్యాడు. మైకుతోపాటు ఆ కాస్త మాటా పోయింది.

ఓర్చి ఓర్చి ఒకరోజు బిల్లుకొచ్చిన బ్రహ్మచారిని గుమ్మంలోనే పట్టుకుంది. బ్రహ్మచారి మెట్టుగూడకంతటికీ కేబుల్ వైరు లాగిన మనిషి.

"నాయనా, ఈయన్ని ఎక్కడైనా మైకు ముందు కూకోబెట్టు. జీతం ఇవ్వకపోయినా ఫరవానేదు. ఆ మాటలు నా సెవిన పడితే సాలు."

"ఫికర్ చెయ్యకమ్మా, ఒకడున్నడు" అన్నాడు బ్రహ్మచారి.

ఆ ఒకడు భానుప్రకాశ్. బోయిన్‌పల్లిలో ఉల్లిగడ్డల వ్యాపారుల బిడ్డ. కంప్యూటర్ కోర్సుల దుకాణం తెరిచి, మూసి, తండ్రి గోదాం మీది గదిలో చరిత్ర ఛానల్ పెట్టాడు. పేరు గతం టీవీ. పొద్దస్తమానం చరిత్రే. విదేశాల్లో పాతబడిన డాక్యుమెంటరీ టేపులు గుత్తకు కొని, వాటి ఇంగ్లీషు నోరు నొక్కేసి, పైన తెలుగు చెప్పించాలని అతగాడి ప్లాను. చెప్పేవాళ్ళేరీ? అవి ఐటీ రోజులు. గొంతున్న ప్రతి కుర్రాడూ బేగంపేటలో ఏదో మేడెక్కి, పేరు మార్చుకుని అమెరికావాళ్ళతో మాట్లాడుతున్నాడు. పైగా గతం టీవీలో రికార్డింగు సామాను లేదు. టేపు తిరుగుతుంటే అప్పటికప్పుడు మైకులో చెప్పాలి. నోరు జారితే జారిందే, వైరు వెంట ఇంటింటికీ పోతుంది.

మైకును చూడగానే వరహాలబాబు తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు దాన్ని ఓసారి నిమిరి, గొంతు సవరించుకున్నాడు. తెర మీద నెపోలియన్ సైన్యం మంచులో పడుతూ లేస్తూ నడుస్తోంది.

"దయచేసి వినండి. మాస్కో నుండి పారిస్ వెళ్ళు నెపోలియన్ గారు నిర్ణీత సమయము కన్నా ఆలస్యముగా నడుచుచున్నారు. సైనికులకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తర్వాత అదే హిందీలో, ఆపైన ఇంగ్లీషులో. భానుప్రకాశ్ తల పట్టుకున్నాడు.

"సార్, ఏందిది? గది యుద్ధం సార్! జెర గరంగ చెప్పుండ్రి!"

వరహాలబాబు తలూపాడు. మర్నాడు అలెగ్జాండర్ వచ్చాడు. కాదు, రాలేదు. ఆ గొడవే చెబుతున్నాను. అధికారుల దగ్గర్నుంచి ఖబురందనిదే ఏ బండీ వచ్చిందని చెప్పకూడదు, పోయిందనీ చెప్పకూడదు. ఉద్యోగం మొత్తంలో ఆయన తప్పని నియమం అదొక్కటే. బండికైనా అంతే, అలెగ్జాండర్‌కైనా అంతే. తెర మీద ఏనుగులు కూలుతుంటే ఈయన, "అలెగ్జాండర్ గారు సింధునది దాటిన సమాచారము ఇంకనూ అందలేదు. అందిన వెంటనే తెలియజేయబడును" అని కూచున్నాడు. రాజులు చచ్చిపోతే తదుపరి ప్రయాణ వివరములు అందవలసి ఉన్నవి అనేవాడు. భానుప్రకాశ్ ఏడవలేక నవ్వాడు.

విచిత్రమేమంటే మెట్టుగూడ ఆ ఛానల్ వదిలితే ఒట్టు. రైల్వే మనుషుల పేట కదా, ఆ గొంతు వినగానే వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. నెపోలియన్ ఎవరో తెలియని పుష్పమ్మ కింది వాటాలోంచి మెట్లెక్కి వచ్చి మరీ అడిగింది. "అక్కా, గా నెపోలియన్ ఇల్లు జేరిండా? పొద్దటిసంది పరేషాన్ అయితున్న."

కనకలక్ష్మి మొదట్లో మురిసిపోయింది. టీవీ ముందే కూరలు తరిగింది, టీవీ ముందే భోంచేసింది. పోనుపోను ఆవిడ మొహం మాడింది. బాత్రూంలో జారిపడి కాలు వాచి మంచం పట్టిన రోజున ఈయన మందు రాశాడు, కట్టు కట్టాడు, గంజి కాచి తాగించాడు, నోరు మాత్రం విప్పలేదు. అక్కడినుంచి బోయిన్‌పల్లి పోయి, ఎవరో రాణీగారి పడవ మునిగినందుకు మూడు భాషల్లో చింతించి వచ్చాడు.

"సచ్చిపోయినోళ్ళందరికీ సింతిస్తన్నారు! బతికున్నదాన్ని, నాకొక్క మాట నేదా?" అని అరిచేసింది. కాలు నయమవగానే టిక్కెట్టు తీయించుకుంది. "సాయంత్రం విశాఖపట్నం బండికి మా ముసలమ్మక్క కాడికి ఎల్లిపోతన్నాను. మరి రాను. ఏటంటారు?"

వరహాలబాబు నోరు తెరిచాడు. లోపల మాటలు లేవా అంటే బోలెడున్నాయి, గొంతు దాకా వచ్చి అక్కడ తోసుకుంటున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. అలవాటు కొద్దీ తలూపాడు. ఊపిన మరుక్షణమే ఆ తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఏం లాభం? సిటీ బస్సెక్కి డ్యూటీకి పోయాడు.

ఆవేళ ఈజిప్టు. తెర మీద ఎవరో రాజును గుడ్డలు చుట్టి పెట్టెలో పెడుతున్నారు. వరహాలబాబుకి పెట్టెంటే కనకలక్ష్మి సర్దుకున్న పెట్టే కనిపించింది. ఇంట్లో వంటగది, ఖాళీ పీట, పలకరించేవాళ్ళు లేని సాయంత్రం కనిపించాయి. మైకు దగ్గరికి జరిగాడు.

"దయచేసి వినండి. సికింద్రాబాదు నుండి విశాఖపట్నం వైపు వెళ్ళు సాయంత్రపు బండి..."

ఆగాడు. ఖబురు లేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. జన్మలో ఎన్నడూ చేయని పని.

"...రద్దు చేయడమైనది. శ్రీమతి కనకలక్ష్మి గారికి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. చాలా చింతిస్తున్నాము. మొదటి నుండీ చింతిస్తూనే ఉన్నాము."

హిందీలోనూ ఇంగ్లీషులోనూ చెప్పి, మైకు కట్టేసి, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మెట్టుగూడలో ఆ బండికి టిక్కెట్లున్నవాళ్ళంతా చెప్పులు విప్పేశారు. అనకాపల్లి పెళ్ళికి పోవలసినవాళ్ళు జీపులోంచి గంగాళాలు దించేశారు. బ్రహ్మచారికి అనుమానం వచ్చి స్కూటర్ మీద స్టేషనుకు పోయి చూస్తే, బండి ప్లాట్‌ఫారం మీద నిక్షేపంగా ఉంది. వీధి వీధీ తిరిగి మొత్తుకున్నాడు.

"బండి ఉన్నది! ఉరుకుండ్రి! నా కండ్లతోని చూసిన!"

"నీ కండ్లేంది? వరహాలబాబు సార్ చెప్పిండు" అన్నారు జనం. ఒక్కరు కదిలితే ఒట్టు. ఆఖరికి బండి కూత పెట్టుకుంటూ మెట్టుగూడ పక్కనుంచే పోతుంటే అరుగుల మీద కూచుని చూశారు.

"రద్దయిన బండి సుత ఎంత జోరుగ పోతున్నదో" అంది పుష్పమ్మ.

కళ్ళెదుటే బండి పోయాక అప్పుడు తెలివొచ్చింది. పెళ్ళివాళ్ళు అదే జీపెక్కి బోయిన్‌పల్లి మీద పడ్డారు. బ్రహ్మచారి ముందే పోయి గతం టీవీ వైరు కత్తిరించి పారేశాడు. గోదాం ముందు ఉల్లిగడ్డల బస్తాల మధ్య వరహాలబాబును నిలబెట్టి తలో మాటా అంటుంటే ఆయన అందరికీ తలూపుతున్నాడు. ఛానల్ గతించినందుకు భానుప్రకాశ్ మైకు చేత్తో పట్టుకుని ఓ పక్కన ఏడుస్తున్నాడు.

ఇంతలో ఆటో ఆగింది. కనకలక్ష్మి పెట్టెతో దిగింది. ఊరంతా నమ్మినా ఆవిడ నమ్మలేదు. ఖబురుండి చెప్పేటప్పుడు ఆ గొంతు ఎలా ఉంటుందో అన్నేళ్ళు బెంచీ మీద కూచుని విన్నదానికి తెలియదా? బండి ఉందని తెలుసు, అందుకునే వ్యవధీ అప్పటికి ఉంది. అయినా స్టేషను దాకా పోయి కూడా బండెక్కకుండా ఆటోను ఇటు తిప్పించింది.

"ఏటండీ, బండి రద్దయినాదా?"

వరహాలబాబు కళ్ళు మైకు కోసం వెతికాయి. భానుప్రకాశ్ జాలిపడి అందించబోయాడు. కనకలక్ష్మి దాన్ని లాక్కుని బస్తా వెనక్కి పడేసింది.

"అది నేకుండా సెప్పండి."

పెళ్ళివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిగారు. వరహాలబాబు పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఎల్లకే కనకం."

బొంగురుగా, పీలగా, బొబ్బిలి యాసలో వచ్చిందా మాట. ఎవరు మాట్లాడారా అని భానుప్రకాశ్ చుట్టూ చూశాడు. ఆ గొంతు అక్కడెవరూ ఎరగరు. కనకలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"హిందీలో?"

"మత్ జావ్."

"ఇంగ్లీసులో?"

అక్కడ ఆయన గొంతు పూడుకుపోయింది. కనకలక్ష్మి పెట్టె కింద పెట్టి, చీర సర్దుకుని బస్తా మీద కూచుంది.

"ఆలస్యమైనా ఫరవానేదు, ఇంటాను" అంది.