మూసిన కిటికీకి దండం

కొవ్వూరు దాటి పాసింజరు వంతెనెక్కింది. సాయంత్రపు ఎండ నా ఒళ్లోకి వాలింది. ఇంట్లోనే రేడియో సర్క్యూట్ చేసుకుందామని, రాగి బోర్డుకి, వెలుగు తగిలిన చోటల్లా గట్టిపడే నీలి ఫోటోరెసిస్ట్ ఫిల్మ్ అంటించి తీసుకెళ్తున్నాను. చుట్టిన నల్లకాగితం చిరిగిపోయింది. రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"ఏంటి బాబూ అది?" అంది ఎదుటి సీట్లో చేపలబుట్టతో ఉన్న ఆవిడ.

"వెలుగు తగిలితే పాడైపోతుందండీ."

గోదారమ్మకి వేయాలని తీసిన నాణెం మళ్లీ కొంగున ముడేసుకుని, ఆవిడ కిటికీ షట్టరు దించేసింది.

"అయ్యో, మీకు గోదారి కనబడదు కదండీ!"

"కిందే ఉందిగా," అని మూసిన షట్టరుకే దండం పెట్టుకుంది.

ఆ మసకలో, వంతెన మోతలో, నాకు నది మీద తేలిపోతున్నట్టే ఉంది.

ఇంట్లో బోర్డు మీద సర్క్యూట్ గీతల నెగెటివ్ పెట్టి వెలుగు చూపించి, చాకలిసోడా కలిపిన నీళ్లలో కడిగితే, నీలిగీతలు పంటకాలవల్లా తేలాయి.

ఇప్పటికీ వంతెన రాగానే అందరూ కిటికీల వైపు జరుగుతారు. నేను మాత్రం కళ్లు మూసుకుంటాను.